గంట సేపటికని తీసిన బొట్టు

మా మనవరాలు మూడో తరగతి. మొన్న సాయంత్రం పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన కూలబడింది. అందులో రెండు బొమ్మలున్నాయి. ఒకదాంట్లో అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. ఇంకోదాంట్లో వాళ్లతో పాటు తాత, నాయినమ్మ, బాబాయి, పిన్ని. అందరూ పళ్లు బయటపెట్టి నవ్వుతున్నారు. కుటుంబాలు ఇన్ని రకాలని, వాటి పేర్లు ఇవని కింద రాసి ఉంది.

"అమ్మమ్మా, నీ చిన్నప్పుడు మీది ఏ టైప్ ఫ్యామిలీ?"

"ఉమ్మడి కుటుంబమని రాసుకో పో" అన్నాను.

అది రాసుకుని వెళ్లిపోయింది. నాకు ఆ పూట అన్నం సహించలేదు. మా ఇంటి బొమ్మ గీయాలంటే ఒక నాయిన పక్కన ఇద్దరు అమ్మలను గీయాలి. పసిపిల్లల పుస్తకాల్లో అట్లాంటి బొమ్మ ఎవరు వేస్తారు? వేయకపోతే పోనీ. మేమైతే ఉన్నాం కదా.

మాది నాచారం. ఇప్పుడు చూసేవాళ్లకు చెబితే నమ్మరు గానీ, అప్పుడు మా ఇంటి వెనక నుంచి ఉప్పల్ దాకా జొన్న చేలు, కూరగాయల మళ్లు, మధ్యమధ్య ద్రాక్ష తోటలు. పెరట్లో నిలబడితే మౌలాలి గుట్ట కనిపించేది. రైలు కూత విని నాయినమ్మ పొయ్యి రాజేసేది. ఇంట్లో నాయిన, నాయినమ్మ, పెద్దవ్వ, చిన్నవ్వ, నేను, నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు మా తమ్ముడు. పెద్దవ్వ, చిన్నవ్వ సొంత అక్కచెల్లెళ్లు. ఇద్దరూ మా నాయిన భార్యలే. మా వైపు అవ్వంటే అమ్మే. మమ్మల్ని కన్నది చిన్నవ్వ, పెంచింది పెద్దవ్వ.

పెద్దవ్వకు పెళ్లయి ఎనిమిదేళ్లయినా కడుపు పండలేదు. నాయినమ్మ వేరే పిల్లను వెతకడం మొదలుపెట్టిందట. అది తెలిసి పెద్దవ్వ ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా ఘట్‌కేసర్ అవతల ఉన్న తన పుట్టింటికి నడిచి వెళ్లి, సొంత చెల్లెలిని వెంటబెట్టుకుని వచ్చింది. "ఎవతో బయటిదొస్తె నన్ను ఎల్లగొడ్తది. నా చెల్లెనైతె నాకింత బువ్వ పెడ్తది" అందట. చిన్నవ్వ ఈ మాట చెప్పినప్పుడల్లా, "నన్నెవ్వలడిగిన్రు?" అని నవ్వేది. నిజమే, ఆమెనెవరూ అడగలేదు. కానీ వాళ్లిద్దరూ పోట్లాడుకోగా నేను చూడలేదు. ఒకే పళ్లెంలో తినేవారు. చిన్నవ్వ తెల్లారకముందే కూరగాయల గంపతో లాలాగూడ అంగడికి పోయేది. ఇల్లు, పొయ్యి, మేమూ పెద్దవ్వ పాలు. చింతచిగురు పప్పు పొంగే వాసన, గంజులో అద్దిన సర్వపిండి అడుగు ఎర్రగా కాలుతున్న వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ముందు పెద్దవ్వ చేతులే గుర్తుకొస్తాయి. ఆ చేతుల నిండా ఎప్పుడూ ఆకుపచ్చ గాజులు ఉండేవి.

నేను మంచిపిల్లను కాదు. అబద్ధాల పుట్టను. ద్రాక్ష తోటలో దూరి, లంగా ఒడిలో పచ్చి కాయలు నింపుకుని కంచె దాటుతుంటే కావలివాడు పట్టుకున్నాడు ఒకసారి. నేను కన్ను కూడా ఆర్పకుండా, "మా నాయినమ్మకు సుస్తయ్యింది, పుల్లటిది కావాలన్నది, మీ సేటే తెంపుకొమ్మన్నడు" అన్నాను. వాడు ఇంకో గుత్తి తెంపి ఇచ్చి పంపాడు. ఇంటికొచ్చి చెబితే పెద్దవ్వ వీపు మీద ఒక్కటి వేసింది. నాయినమ్మ మాత్రం పగలబడి నవ్వి, "ఇది బతుకుతదే! దీన్ని యాడ ఇడిసినా బతుకుతది" అంది. ఆ మెచ్చుకోలు నాకు ద్రాక్ష కంటే తియ్యగా ఉండింది.

అంతలో ఫ్యాక్టరీలు వచ్చాయి. మా చేను పోయింది. చేను పోయినవాళ్లకు నౌకరీలన్నారు. నాయినకు ఒక కంపెనీలో పని దొరికింది. సైరన్ మోగితే ఖాకీ నిక్కరు వేసుకుని, టిఫిన్ గిన్నె పట్టుకుని పరుగెత్తే మా నాయినను చూస్తే మొదట్లో మాకు నవ్వాగేది కాదు. కాగితాల్లో భార్య పేరు రాయమంటే పెద్దవ్వే, "పిల్లల తల్లి పేరు రాయి, పిల్లలకు దవాఖానా ఉంటది" అని చిన్నవ్వ పేరు రాయించింది.

ఏడాది తిరగకుండానే ఎవడో కంపెనీకి ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. ఎవడో ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు నాయిన పొద్దుగూకకముందే ఇంటికొచ్చి గడపలో కూలబడ్డాడు.

"నౌకరి పోయినట్టే" అన్నాడు.

"ఎట్ల పోతది?" నాయినమ్మ లేచి నిలబడింది.

"నాకిద్దరు పెండ్లాలని రాసిండు ఎవడో. కొత్త కానూనంట. ఇద్దరుంటె కంపెనిల ఉంచుకోరంట. ఎల్లుండి ఆఫీసరొస్తడు, ఇల్లు సూస్తడు."

"పెద్దదాన్ని రెండు దినాలు అవ్వగారింటికి తోలుదమా?"

"ఒక ఇంట్ల ఇద్దరున్నరని ఉత్తరంల ఉన్నది. ఒక్కతె కనవడకపోతె దాచిపెట్టిన్రంటడు. అప్పుడు నిజంగనే తీసేస్తరు."

భూమి లేదు. ఈ నౌకరి కూడా పోతే ఏం తినాలో ఎవరికీ తెలియదు. చిన్నవ్వ ఏడుపు మొదలుపెట్టింది. నాయినమ్మే మెల్లగా అంది.

"దాచుడెందుకు? ఉండనియ్యి. చిన్నదానికి సొంత అక్కనే గదా. మొగడు సచ్చి చెల్లెలింట్ల ఉంటున్నదని చెప్దం."

"అత్తా!" చిన్నవ్వ అరిచింది. "ఏం మాటది? మొగడు ముంగట్నే కూసున్నడు! పసుపుకుంకుమలున్న దాన్ని పట్టుకొని..."

"మరి నువ్వు సెప్పు, ఇంకో ఉపాయం."

నాయిన తల ఎత్తలేదు. పెద్దవ్వ పొయ్యి దగ్గర జొన్న రొట్టె కాలుస్తోంది. పెనం మీద రొట్టె మాడి పొగ లేస్తున్నా తిప్పలేదు. నాయినవైపే చూస్తోంది. ఆయన ఒక్క మాట, 'వద్దు' అనే ఒక్క మాట అంటాడని చూసిందని ఇప్పుడు నాకు తెలుస్తోంది. అప్పుడు నేను మాడిన రొట్టె గురించే ఆలోచించాను.

"గంట సేపే గదా" అంది పెద్దవ్వ చివరకు. "కానియ్యిన్రి."

తమ్ముడు ఐదేళ్లవాడు, వాడిని అడిగితే ఏం వాగుతాడోనని వాడిని పక్కింటికి పంపాలనుకున్నారు. చెప్పాల్సింది నేను. తొమ్మిదేళ్ల దాన్ని. రెండు రోజులూ నాయినమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పించింది.

"ఆఫీసరు ఈమె ఎవరంటె ఏమంటవ్?"

"మా పెద్దవ్వ. మా అవ్వకు అక్క."

"ఈమె మొగడేడి?"

"సచ్చిపోయిండు."

"శాబాష్."

నాకు సరదా పుట్టింది. ఉత్తినే సచ్చిపోయిండంటే ఏం బాగుంటుంది? నేను నా సొంతంగా కలిపాను. "నేను పుట్టకముందే, జొన్న చేన్ల పాము గరిచి సచ్చిపోయిండు. కాలు నల్లగయ్యింది. నురగలు గక్కిండు." నాయినమ్మ నా రెండు బుగ్గలూ పట్టుకుని మెటికలు విరిచింది. నాయిన లేచి బయటికి వెళ్లిపోయాడు. పెద్దవ్వ నా తల దువ్వుతోంది. దువ్వెన ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే కొట్టం వెనక పెద్దవ్వను పీట మీద కూర్చోబెట్టారు. కాలి మెట్టెలు పద్దెనిమిదేళ్ల నుంచీ ఉన్నవి, రానన్నాయి. చిన్నవ్వ నూనె రాసి లాగుతూ వెక్కివెక్కి ఏడ్చింది. గాజుల దగ్గర నాయినమ్మ గట్టిగా చెప్పింది: "పలగ్గొట్టొద్దు. పలగ్గొడ్తె నిజంగనే అయితది. సబ్బు రాసి తియ్యిన్రి." సబ్బు నురగతో ఒక్కొక్క గాజూ జారదీశారు. పన్నెండు గాజులు. ఒక్కటీ పగలలేదు. పుస్తెలతాడు పెద్దవ్వే తీసింది. కొంగు తడిపి బొట్టు కూడా తనే తుడుచుకుంది. తుడిస్తే నొసటి మధ్య గుండ్రంగా తెల్లటి మచ్చ తేలింది. ఎండకు కమిలిన ముఖంలో అదొక్కటే మిగిలిపోయింది. నాయినమ్మ పొయ్యిలోంచి బూడిద తెచ్చి దాని మీద రుద్దింది.

పెద్దవ్వ ఏడవలేదు. "జల్ది కానియ్యిన్రి, పప్పు మీదున్నది" అంది.

ఆఫీసరు స్కూటర్ మీద వచ్చాడు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. మంచం మీద కూర్చుని పెద్దవ్వ ఇచ్చిన మజ్జిగ తాగాడు. ఏవో కాగితాలు చూశాడు. నన్ను పిలిచాడు.

"ఇలా రామ్మా. ఈవిడ నీకేమవుతుంది?"

"మా పెద్దవ్వ. మా అవ్వకు అక్క."

"మరి వాళ్లాయన ఏం చేస్తారు?"

నేను మొత్తం చెప్పాను. చేను, పాము, నల్లబడ్డ కాలు, నురగలు. చెబుతూ చెబుతూ నాకే ఏడుపొచ్చింది, నిజం కన్నీళ్లు కార్చాను. నాయిన నా ఎదురుగానే ఉన్నాడు, కాలి బొటనవేలితో నేలను గీస్తూ. పెద్దవ్వ ఖాళీ చెంబు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"అయ్యో పాపం" అన్నాడు ఆఫీసరు. ఆయన కళ్లు నిజంగానే తడి అయ్యాయి. లేస్తూ నాయిన భుజం మీద చెయ్యి వేశాడు. "మీ వదినగారిని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నారు, మీరు మంచివారండీ. ఇలాంటి ఇంటి మీద ఉత్తరాలు రాసేవాళ్లకి బుద్ధి లేదు." నాకు జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చాడు. నేను చప్పరించాను. చాలా బాగుంది కూడా.

స్కూటర్ చప్పుడు దూరమవగానే నాయినమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఉరికొచ్చింది. "రా బిడ్డా, రా, జల్ది పెట్టుకో."

పెద్దవ్వ కదలలేదు.

"ఎట్ల పెట్టుకుంట అత్తా? కంపెనోళ్ల ఇండ్లన్ని మన ఇంటెన్కనే లేస్తున్నయ్. రేపు గా ఆఫీసరే బజార్ల కనవడ్తె? ఆయన పెండ్లం కనవడ్తె? సచ్చినోడు మల్ల లేసొచ్చిండని చెప్తరా? నౌకరి ఉన్నన్ని దినాలు నేను గిట్లనే ఉండాలె. మీరెవ్వరు గిది సోంచాయించలేదా?"

ఎవరూ ఆలోచించలేదు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, మా ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుండి ఆ ఒక్క ముచ్చట ఎవరికీ తట్టలేదు. గంట సేపు దాటించాలన్న దాని మీదే అందరి ధ్యాసా ఉంది. నాయినమ్మ చేతిలో భరిణె అట్లాగే ఉండిపోయింది. చిన్నవ్వ అక్క కాళ్ల మీద పడింది. "నా పేరు తీసి నీ పేరు రాపిద్దమే. నేనే గట్లుంట" అంది. పెద్దవ్వ లేవనెత్తి, "పిచ్చిదానా, నీకు పిల్లలున్నరు" అంది.

ఆ రోజు నుంచి ఆమె నాయినకు అన్నం వడ్డించలేదు. చిన్నవ్వే వడ్డించేది. ఆయన పడుకునే అర్రలోకి మళ్లీ అడుగు పెట్టలేదు. నాయినమ్మ పక్కన చాప పరుచుకునేది. మౌలాలి ఉర్సుకు పోయినప్పుడల్లా నాయిన ఇద్దరికీ గాజులు తెచ్చేవాడు. ఆ ఏడు కూడా అలవాటు కొద్దీ రెండు జతలు తెచ్చి, పొయ్యి దగ్గర పెట్టి, నిలబడ్డాడు. పెద్దవ్వ ఒక జత చెల్లెలికి ఇచ్చి, రెండోది నా చేతులకు తొడిగింది. నాకు వదులయ్యాయి. నాయిన అప్పుడు ఏడ్చాడు. మగవాడు ఏడవగా నేను చూడటం అదే మొదలు. పెద్దవ్వ ఓదార్చలేదు. నేనైనా ఓదార్చేదాన్ని కాదు.

పాత ఊరివాళ్లకు అంతా తెలుసు. వాళ్లు నోరు మూసుకున్నారు, ఇంకో చేను పోయినవాడి నౌకరి తీసేంత పాపం వాళ్లు చేయరు. కానీ కంపెనీ ఇళ్ల ఆడవాళ్లకు తెలియదు. పేరంటాలకు పిలవడానికి కుంకుమ పట్టుకొచ్చేవారు. చిన్నవ్వకు పెట్టి, నాయినమ్మకు దండం పెట్టి, పక్కనే ఉన్న పెద్దవ్వను దాటి వెళ్లిపోయేవారు. అన్నిటికంటే ఘోరం మా తమ్ముడు. వాడు నిజంగానే నమ్మాడు. పక్కింట్లో ఎవరు చెప్పారో, ఒకరోజు బడి నుంచి వచ్చి పెద్దవ్వ ఒళ్లో పడుకుని అడిగాడు.

"పెద్దవ్వా, నీ మొగణ్ని గరిచింది ఏం పాము?"

పెద్దవ్వ వాడి తల నిమురుతూ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బతికిపోయేదాన్ని.

"నాగుంబామే బిడ్డా" అంది.

అప్పటినుంచి నేను అబద్ధాలు మానేశానని చెబితే బాగుంటుంది. మానలేదు.

పదమూడేళ్లు గడిచాయి. నాయినమ్మ పోయింది. పోయేముందు తమ్ముడికి నిజం చెప్పి పోయింది, వాడు నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు పెళ్లయింది, చంకలో పిల్ల. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చిన నాయిన నీళ్లు అడిగి, అవి తెచ్చేలోపు పోయాడు. తమ్ముడికి అప్పుడే పద్దెనిమిది నిండాయి. తండ్రి నౌకరి కొడుక్కి ఇస్తామని కంపెనీవాళ్లు మాటిచ్చారు. పదో నాడు యూనియన్ మనుషులు, ఇద్దరు ఆఫీసు వాళ్లు కాగితాలు పట్టుకునే వచ్చారు. వేపచెట్టు కింద కుర్చీలు వేసి చాయ్ ఇచ్చాం.

ఇటు బావి దగ్గర ఆడవాళ్లు చిన్నవ్వను కూర్చోబెట్టారు. మాలో పదో నాడు భార్యకు చివరిసారి పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, పూలు ముడిచి, చేతి నిండా గాజులు తొడుగుతారు. ఆ తర్వాత అన్నీ తీసేస్తారు. చిన్నవ్వకు పసుపు రాస్తున్నారు. అప్పుడు ఇంట్లోంచి పెద్దవ్వ వచ్చింది. తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని ఉంది. ఆమె మెడలో పుస్తెలతాడు ఉంది. పదమూడేళ్ల తర్వాత ఆ మెడలో దాన్ని చూశాను. వచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది.

"నాకు గూడ పెట్టున్రి" అంది. "పెట్టినంక తియ్యిన్రి."

ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఊరి ముసలామె ఒకామె, "నీది ఎప్పుడో తీసిన్రు గదనే" అని గొణిగింది.

"అప్పుడు నా మొగడు సావలేదు. ఇప్పుడు సచ్చిండు. ఆయనకు పెండ్లాన్ని గానా నేను? నా గాజులెవ్వరు పలగ్గొట్టలేదు. సబ్బు పెట్టి తీసిన్రు. పలగ్గొట్టున్రి."

చిన్నవ్వ ఆమె భుజం మీద తల వాల్చి, "పెట్టున్రమ్మా, మా అక్కకు పెట్టున్రి, నా కొడుకు నౌకరి మన్నుల గలవనీ" అంది. కానీ ఎవరూ పసుపు గిన్నె అందుకోలేదు. వేపచెట్టు కిందివాళ్లు ఇటే చూస్తున్నారు. తమ్ముడు వాళ్ల పక్కన నిలబడి ఉన్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. అందరూ నా వైపు చూశారు. ఇంటికి పెద్దబిడ్డను నేనే కదా. పెద్దవ్వ కూడా నా వైపు తిరిగింది.

"నువ్వు సెప్పు బిడ్డా. ఆనాడు నా మొగడు సచ్చిండని నువ్వే సెప్పినవ్. ఇయ్యాల గూడ నువ్వే సెప్పు."

గిన్నె నా కాళ్ల దగ్గరే ఉంది. వంగి ఒక వేలు ముంచి ఆమె ముఖానికి రాస్తే అయిపోయేది. ఆమె పదమూడేళ్లలో అడిగింది అదొక్కటే.

నేను ఆమె చెవి దగ్గరికి వంగి, "కంపెనోళ్లు సూస్తున్నరు పెద్దవ్వా, లోపలికి పో" అన్నాను.

ఆమె నా ముఖం కొంచెం సేపు చూసింది. పుస్తెలతాడును కొంగు కింద దాచుకుని, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి, ఇంట్లోకి వెళ్లిపోయింది. వేపచెట్టు కిందివాళ్లలో ఒకాయన తర్వాత అడిగాడు, ఎవరమ్మా ఆవిడ అని. మా పెద్దవ్వ, మా అవ్వకు అక్క అని చెప్పాను. తమ్ముడికి నౌకరి వచ్చింది.

పెద్దవ్వ ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. నా పిల్లలను కూడా ఆమే పెంచింది. ఆ ముచ్చట మళ్లీ ఎత్తలేదు, నేను ఎత్తనివ్వలేదు. తొమ్మిదేళ్లప్పుడు ఆ మాట నాయినమ్మ రెండు రోజులు కూర్చోబెట్టి నాకు నేర్పించింది. బావి దగ్గర నాకెవరూ నేర్పలేదు.